గడప ఎత్తు

"అమ్మాయీ, నీ నవల తెరిచానే. తెల్ల కాయితం వచ్చింది. ఇంకా రాయలేదా ఏమిటి?"

ఫోనులో మా పెద్దమ్మ అడిగిన మాట ఇది. ఇన్నేళ్లుగా రాస్తున్నానా, ఏ విమర్శకుడూ నన్నింత సూటిగా అడిగిన పాపాన పోలేదు. ఇరవై రెండు అధ్యాయాలు రాసి, మూడుసార్లు దిద్ది, నా పాత నవలలతో పాటు ఒక వెబ్‌సైటులో పెట్టించి, చుట్టాలందరికీ చిరునామా పంపించి, ఎవరేమంటారా అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. మొట్టమొదట వచ్చిన అభిప్రాయం ఇదీ!

ఆ వెబ్‌సైటు కట్టినవాడు మా అన్నయ్య కొడుకు. పిలిచి సంగతేమిటని అడిగాను.

"మామ్మ ఫోను పాతది అత్తా. అందులో వున్న బ్రౌజరూ పాతదే. మన సైటు దానికి అర్థం కాదు" అన్నాడు తాపీగా.

"ఆవిడొక్కర్తికేనా?"

"నూటికి ఒకరో ఇద్దరో వుంటారు అలాంటివాళ్లు. వాళ్లకి కూడా కనబడాలంటే మరో పది రోజుల పని. నువ్వు ముచ్చటపడి పెట్టించుకున్న పారిజాతాలు రాలడం, పేజీలు వాటంతట అవే తిరగడం, అవన్నీ విప్పి మళ్లీ కట్టాలి. నీ ఇష్టం."

"నీ ఇష్టం" అన్న మాట వుందే, అది మహా ప్రమాదకరమైన మాట. అంతవరకు అది యంత్రాల గొడవ, నాకేం సంబంధం అనుకుని నిశ్చింతగా వున్నదాన్ని, ఆ ఒక్క మాటతో భారమంతా నా నెత్తిన పడింది. ఎవర్ని లోపలికి రానివ్వాలి, ఎవర్ని వాకిట్లోంచే పంపెయ్యాలి అన్నది నేను తేల్చాలట!

నూటికి ఒకరు పోతే పోనీ అనడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఆ ఒకరి పేరు నాకు తెలుసు. తెలియకపోతే అనేసేదాన్నే. ఆ సంగతే ఆ రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

ఇంతకీ ఆవిడ ఫోనుకి వచ్చిన రోగమేమిటి? ఏ రోగమూ లేదు. మోగుతుంది, మాట్లాడుతుంది, ఫొటోలు తీస్తుంది. మనవడు కొత్తది కొనుక్కుని తన పాతది ఆవిడ చేతిలో పెట్టాడు. అది ఆండ్రాయిడ్ 6 రకం. ఆ రకం వచ్చింది 2015లో. అలాంటి ఫోన్లలో క్రోమ్ బ్రౌజరు 2022లో 106వ వెర్షను దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చినవేవీ అందులోకి ఎక్కవు. అంటే మా పెద్దమ్మ చేసిన నేరమల్లా ఫోను పగలగొట్టకుండా జాగ్రత్తగా వాడుకోవడం!

చెడిపోకుండానే వస్తువు పాతబడిపోవడం మన కాలంలో వచ్చిన వింత. మా ఇంట్లో ఇత్తడి కాఫీ ఫిల్టరొకటి వుంది. మా అమ్మమ్మ నాటిది. మూడు తరాలుగా అందులో డికాక్షను దిగుతూనే వుంది. "మా పొడి మీ పాత ఫిల్టరులో దిగదు, కొత్తది కొనుక్కుని రండి" అని ఏ కాఫీపొడి కొట్టువాడూ ఇంతవరకు అనలేదు.

మర్నాడు మావాణ్ణి కూర్చోబెట్టి, అసలు ఈ బ్రౌజరంటే ఏమిటో నాలాంటి దానికి అర్థమయ్యేట్టు చెప్పమన్నాను. వాడు చెప్పింది నాకు అర్థమైన పద్ధతిలో మీకు చెబుతాను.

వెనకటి రోజుల్లో చదువురాని వాళ్లింటికి ఉత్తరం వస్తే ఎవరిచేతనో చదివించుకునేవారు చూడండి, బ్రౌజరు ఆ చదివిపెట్టే మనిషన్నమాట. వెబ్‌సైటు పంపేది ఉత్తరం. అందులో అసలు సంగతితో పాటు "ఇది పెద్దక్షరాల్లో చూపించు, ఇక్కడ బొమ్మ పెట్టు" అని సూచనలుంటాయి. చదివేవాళ్లు రకరకాలుగా వుంటారు. ఒకడు కాలేజీ కుర్రాడు, ఒకడు అయిదో క్లాసుతో ఆపేసినవాడు. కళ్లు కనబడని వారికోసం పైకి చదివి వినిపించేవాళ్లూ వుంటారు. ఉత్తరం మాత్రం అందరికీ ఒకటే.

ఇక్కడొక ముచ్చటైన సంగతి చెప్పాడు. ఈ ఉత్తరాలు రాసే భాషని హెచ్‌టీఎంఎల్ అంటారట. తెలియని సూచన ఏదన్నా తగిలితే దాన్ని పక్కన పెట్టి, లోపలి మాటలు మాత్రం చదివి వినిపించాలని మొదటినుంచీ దానికొక పద్ధతి. రంగులూ సింగారాలూ చెప్పే సీఎస్‌ఎస్‌దీ అదే వరస, అర్థం కాని ముక్కని వదిలేసి ముందుకు పోతుంది. "నాకు రాని మాట వచ్చింది, ఉత్తరమే చదవను పో" అని విసిరికొట్టదు.

మరి మా పెద్దమ్మకి తెల్ల కాయితం ఎందుకొచ్చినట్టు? మావాడు నా నవలని ఆ ఉత్తరంలో రాయలేదు. జావాస్క్రిప్టు అనే మూడోదానికి అప్పగించాడు. పూలు రాల్చేదీ, పేజీలు తిప్పేదీ అదే. నవల మాటలు తెచ్చి తెరమీద పరిచేదీ అదే. దానికి ఓర్పు తక్కువ. వ్యాకరణంలో తనకు తెలియని కొత్త పోకడ ఒక్కటి తగిలితే చాలు, ఆ స్క్రిప్టంతా ఆపేసి కూర్చుంటుంది. అంచేత పెద్దమ్మకి పూలూ లేవు, పేజీలూ లేవు, నవలా లేదు.

అలంకారం కోసం అన్నాన్ని తాకట్టు పెట్టామన్నమాట. పెట్టమన్నది నేనే. పారిజాతాలు కావాలని పంతం పట్టింది మావాడు కాదు కదా!

చరిత్ర చదువుకున్నదాన్ని కాబట్టి ఏ గొడవ వచ్చినా ఇది మొదట ఎలా వుండేదని వెతకడం నాకలవాటు. వెతికితే ఆశ్చర్యం వేసింది. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ఈ వెబ్ ఆలోచనని ప్రతిపాదించాడు. అక్కడ పనిచేసేవాళ్ల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి పొత్తు కుదరని రకాలు. ఆయన రాసిన మొదటి బ్రౌజరు నెక్స్ట్ అనే కంప్యూటరు మీద మాత్రమే నడిచేది. చూడ్డానికి బాగుండేది గాని, ఆ కంప్యూటరు కొద్దిమంది దగ్గరే వుండేది. అప్పుడు నికోలా పెల్లో అనే విద్యార్థిని ఇంకో బ్రౌజరు రాసింది. బొమ్మల్లేవు, రంగుల్లేవు, వరసగా అక్షరాలు మాత్రమే. అది 1991లో బయటికి వచ్చింది. ఎలాంటి పాత టెర్మినల్ మీదైనా నడవడమే దాని గొప్ప. వెబ్ నలుగురికీ చేరింది ఆ సాదా బ్రౌజరుతోనే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వారు దీన్నంతా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించారు.

అంటే, పేదవాడి పీట మొదటి పంక్తిలోనే వేశారు. తర్వాత లేపేసింది మనం.

లేపడం ఎంతో కాలం ఆగలేదు కూడా. 1994లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి. రెంటికీ పోటీ. "ఈ సైటు ఫలానా బ్రౌజరులో చూస్తేనే బాగుంటుంది" అని గుమ్మానికి బిళ్లలు తగిలించడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చిన వాళ్లని "ఫలానా కొట్లో కొన్న చెప్పులతో వస్తేనే రండి" అంటే ఎలా వుంటుంది?

అయితే రెండోవైపు కూడా చూడాలి. చూడకపోతే న్యాయం కాదు. యూట్యూబులో పనిచేసిన క్రిస్ జకరయాస్ అనే ఇంజనీరు తన అనుభవాలు రెండు రాశాడు. రెండూ 2009 నాటివే. రెండూ కలిపి చదివితే ఈ ప్రశ్నంతా అందులోనే వుంది.

మొదటిది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరో వెర్షను 2001లో వచ్చింది. ఎనిమిదేళ్లయినా జనం దాన్ని వదలలేదు. దాని తిక్కలకి తగ్గట్టు ప్రతిసారీ పని మళ్లీ చేసుకోలేక ఇంజనీర్లకి ప్రాణం విసిగిపోయింది. ఓ కొద్దిమంది కూడబలుక్కుని, పైవాళ్లకి చెప్పకుండా, ఆ బ్రౌజరుతో వచ్చేవాళ్లకి మాత్రం కనబడేట్టు "మీ బ్రౌజరుకి త్వరలో సెలవిచ్చేస్తాం, కొత్తది వేసుకోండి" అని ఒక పట్టీ పెట్టారు. నెల తిరిగేసరికి యూట్యూబుకి దాంతో వచ్చేవాళ్లు సగానికి సగం తగ్గిపోయారు. చదువుతుంటే నాకూ నవ్వొచ్చింది. వాళ్లమీద కోపం రాలేదు. ఒక్క అతిథి కోసం రోజూ రెండు వంటలు చేసిన ఇల్లాలికి ఆ విసుగు తెలుస్తుంది.

రెండోది వినండి. యూట్యూబులో వీడియో చూసే పేజీ అప్పటికి బాగా లావెక్కి 1.2 మెగాబైట్లయింది. ఈయన పట్టుబట్టి, వున్న నగలన్నీ ఒలిచి, 98 కిలోబైట్లకి దించాడు. తేలికయింది కాబట్టి పేజీ త్వరగా తెరుచుకోవాలి కదా? కొంతమంది మీద ప్రయోగించి చూస్తే సగటున ఇంకా ఎక్కువసేపు పడుతోందని లెక్క తేలింది! తలపట్టుకున్నాడు పాపం. చివరికి ఏయే ప్రాంతాలనుంచి వస్తున్నారో విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆగ్నేయాసియా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా, సైబీరియా... అంతకుముందు లెక్కలోనే లేని చోట్లనుంచి జనం రావడం మొదలుపెట్టారు. బరువైన పేజీ వాళ్లకి తెరుచుకోవాలంటే ఇరవై నిమిషాల పైన పట్టేది. ఎవడు కూర్చుంటాడు? ఇప్పుడు రెండు నిమిషాల్లో వస్తోంది. మనకి రెండు నిమిషాలంటే యుగం. వాళ్లకి అది తెరుచుకున్న తలుపు.

ఇది చదివాక నాకు మావాడి "నూటికి ఒకరో ఇద్దరో" గుర్తొచ్చింది. ఆ లెక్క నీకెక్కడిదిరా అని అడిగాను. "మనలాంటి సైట్లకి వచ్చేవాళ్లని లెక్కపెడితే తెలుస్తుంది అత్తా" అన్నాడు.

"వచ్చి, తెల్ల కాయితం చూసి వెళ్లిపోయినవాళ్లో?"

"ఆ లెక్క రాసేది కూడా స్క్రిప్టే. అది నడవకపోతే రాయదు."

అదండీ సంగతి. గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయినవాళ్ల పేరు ఏ పుస్తకంలోకీ ఎక్కదు. వాళ్లని రానివ్వకపోవడమూ మనమే, రావడం లేదు కాబట్టి వాళ్లకి అక్కర్లేదనడమూ మనమే. మా పెద్దమ్మకి నేను ఇంట్లోదాన్ని కాబట్టి ఫోను చేసి అడిగింది. ఇంకెవరైనా అయితే తనకే చూడ్డం చేతకాలేదనుకుని నోరు మూసుకునేవారు. ఇదీ నాకు కష్టమనిపించేది. తప్పు మనది, సిగ్గు వాళ్లది!

పాత ఫోనువాళ్లే కదా అని కొట్టిపారెయ్యడానికీ లేదు. 2013లో బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటువారు ఈ జావాస్క్రిప్టు ఎందరికి అందడం లేదో లెక్కతీశారు. నూటికి 1.1, అంటే 93 మందిలో ఒకరు. అందులో బ్రౌజరు చాతకానివాళ్లూ, కావాలని ఆపుకున్నవాళ్లూ కలిపి 0.2 మాత్రమే. మిగతా 0.9 మంది మామూలు బ్రౌజర్లవాళ్లే. ఏ కారణంచేతనో ఆ క్షణాన వాళ్లకి అది అందలేదు. అంటే రైలు సొరంగంలో దూరితే మావాడి సరికొత్త ఫోను కూడా ఆ కాసేపు పెద్దమ్మ ఫోనే!

అసలు తెలుగు చదువుకునేవాళ్లకి ఈ బాధ కొత్తదా? కంప్యూటర్లో తెలుగు పేపరు చదవాలంటే ఒకప్పుడు ఒక్కో పత్రికకీ ఒక్కో ఫాంటు దించుకోవలసి వచ్చేది. దించుకోకపోతే పిచ్చిగీతలు, ప్రశ్నార్థకాలు. యూనికోడులో 1991 నుంచే తెలుగుకి చోటుంది గాని, విండోస్‌లో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చి అది కళ్లబడ్డానికి 2001లో ఎక్స్‌పీ రావలసి వచ్చింది. పత్రికల ఫాంట్లని యూనికోడులోకి మార్చి చూపించడానికి "పద్మ" అని ఫైర్‌ఫాక్సుకి ఒక పరికరం తయారుచేశారు. మొన్నమొన్న, 2018 ఫిబ్రవరిలో, "జ్ఞా" అన్న ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లలో మెసేజీల యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆపిల్ వారు ఆ నెల 19న దాన్ని సరిచేశారు. జ్ఞానం భరించడం కష్టమని మన పెద్దలు వూరికే అనలేదు! నవ్వులకేం గాని, మన అక్షరం నూటికి ఏ ఒకరిదో అనుకున్నవాళ్ల లెక్కలో మనమూ వుండివచ్చినవాళ్లమే. వుండివచ్చినవాళ్లమై అవతలివాడికి అదే చెయ్యడం ఏం బాగుంటుంది?

ఈ మాటే అంటే మావాడు వాదనకి దిగాడు. వాడిదీ కొట్టిపారేసే వాదన కాదు.

"ఎంతవరకు వెనక్కి పోదాం అత్తా? ఎవరో ఇరవై ఏళ్ల కిందటి కంప్యూటరు అటకమీంచి దించుతారు. దానికీ కట్టాలా? పైగా పాతవాటిని బుజ్జగిస్తూ కూర్చుంటే జనానికే ప్రమాదం. పాత తాళాలు దొంగలకి తెలిసిపోయాయి. అందుకే 2020లో పెద్ద బ్రౌజర్లన్నీ టీఎల్‌ఎస్ 1.0, 1.1 అనే పాత తాళాలని పనికిరావని పక్కన పెట్టేశాయి. రేపు బ్యాంకువాడు మామ్మ పాత ఫోనుని రానిచ్చి, ఆవిడ డబ్బు పోతే? అప్పుడూ నువ్వే తిడతావు."

నిజమే, తిడతాను. అంచేత బాగా ఆలోచిస్తే నాకు తోచింది ఇది. తలుపు వెయ్యడంలో రెండు రకాలున్నాయి. వచ్చినవాడి క్షేమం కోరి వెయ్యడం ఒకటి. మన సౌఖ్యం కోసం, సోకు కోసం వెయ్యడం ఒకటి. బ్యాంకు వేసేది మొదటి రకం. అయినా వేసేటప్పుడు "ఇందుకు వేశాం, అటు కౌంటరుంది, ఈ నంబరుకి ఫోను చెయ్యండి" అని మర్యాదగా చెప్పాలి. నేను వేసింది రెండో రకం. నా నవల చదివితే ఎవరి డబ్బూ పోదు. పోతే కాస్త కాలం పోతుంది.

ఎంతవరకు వెనక్కి అన్నదానికి కూడా సంవత్సరాల్లో జవాబు లేదనిపించింది. అందరికీ ఒకే భోజనం పెట్టగలమా? పెట్టలేం. పంక్తిలో పళ్లు లేని ముసలాయనకి చేగోడీలు వడ్డించకపోతే అన్యాయం కాదు. అన్నమూ చారూ కూడా ఆయన విస్తట్లోకి రాకపోతే అన్యాయం. చేగోడీలు కొరికి చూపించినవాళ్లకే అన్నం వడ్డిస్తామనడం మరీ అన్యాయం. మేం చేసిన పని సరిగ్గా అదే.

"ముందు అన్నం వడ్డించరా నాన్నా. చేగోడీలు తర్వాత, తినగలిగినవాళ్లకి" అన్నాను.

వాడు నవ్వాడు. "దీనికి మావాళ్లు 2003లోనే పేరు పెట్టారు అత్తా. ప్రోగ్రెసివ్ ఎన్‌హాన్స్‌మెంట్ అంటారు. నువ్వు చేగోడీలంటున్నావు, అంతే."

"తెలిసుండీ చెయ్యలేదన్నమాట!"

"నువ్వు పారిజాతాలడిగావు. చారూ అన్నం ఎప్పుడడిగావు?"

నేనేం మాట్లాడను?

పది రోజులన్నవాడు పన్నెండు రోజులు తీసుకున్నాడు. ఇప్పుడు నవల మాటలన్నీ ముందు ఆ ఓర్పుగల ఉత్తరంలోనే వెళతాయి. ఆ మాటలు చేరాక, బ్రౌజరుకి చాతనయితే రంగులు, ఇంకా చాతనయితే పూలు. ఇన్ని చేసినా ఆ కొత్త తాళం తియ్యడం రాని మరీ పాత కంప్యూటర్లకి మా ఇల్లు కనబడదట. ఆ మేరకి గడప మిగిలే వుంది. దాన్ని దాచిపెట్టకుండా, చూడలేనివారు అడిగితే అచ్చు పుస్తకం పోస్టులో పంపిస్తానని చుట్టాలకీ, నాకు తెలిసిన పాఠకులకీ కార్డు ముక్క రాశాను. ఇంతవరకు ఇద్దరు అడిగారు. ఆ ఇద్దరూ నా పాత లెక్కలో లేనివాళ్లే.

నాలుగు రోజుల తర్వాత పెద్దమ్మ ఫోను చేసింది.

"వచ్చిందే అమ్మాయీ. అక్షరాలు కూడా బాగా పెద్దవి. రాత్రి పదకొండు దాకా చదివాను."

"నీ ఫోనులో పూలు రాలలేదు కదూ పెద్దమ్మా?" అన్నాను, ఎక్కడో చిన్న బాధ మిగిలి.

"పూలేమిటే?"

"ఏం లేదులే."

"అది సరేగాని, ఏడో అధ్యాయంలో ఆ పిల్ల అత్తవారింటినుంచి వచ్చేస్తే వాళ్లమ్మ తలుపు తియ్యలేదని రాశావేం? ఏ తల్లయినా అలా చేస్తుందా? మార్చవే!"

అధ్యాయం మార్చడమంటే మాటలా? మావాణ్ణి అడిగితే పది రోజుల పని అంటాడు.